వీపులకు చెప్పిన మాట

రొవీనా ప్రూయిట్ భుజం మీద ఆ చరుపు పడేటప్పటికి ఆమె చేతుల్లో మొక్కజొన్న రొట్టెల ట్రే ఉంది. ఆ ట్రే జారి పడిపోయినా బాగుండేది. పడలేదు.

వెస్ట్‌ఫాల్ యూనివర్సిటీలో ప్రతి ఏప్రిల్లోనూ ఒక గురువారం మధ్యాహ్నం లాంతరు సంఘం వాళ్లు నల్ల అంగీలు తొడుక్కుని, ముసుగులు కప్పుకుని, పట్టపగలు లాంతర్లు వెలిగించుకుని పెద్ద మెస్సులోకి వరసగా వస్తారు. అందరూ ఆఖరి ఏడు చదివే వాళ్లు. తమ తర్వాత సంఘాన్ని నడిపే వాళ్ల కోసం మూడో ఏడు పిల్లల్లో కొందరిని ఏరుకుంటారు. వెనకనుంచి వచ్చి భుజం మీద చరుస్తారు. చరుపు తిన్నవాడు చేతిలో ఉన్నది కింద పెట్టి వాళ్ల వెంట నడిస్తే ఒప్పుకున్నట్టు. తన పని తాను చేసుకుంటూ ఉంటే వద్దన్నట్టు. వద్దన్నవాణ్ణి ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఆ సంఘంలోంచి గవర్నర్లు వచ్చారు, జడ్జీలు వచ్చారు. ఈ యూనివర్సిటీ ప్రెసిడెంటు వచ్చింది కూడా అక్కణ్ణుంచే. ఇంతకీ మీరు చేసే పనేమిటయ్యా అంటే ఒక్కడూ చెప్పడు. చెప్పడానికేముంది? ఒకడి చెయ్యి ఇంకొకడు పట్టుకుని పైకి గుంజుకోవడం. దానికో లాంతరు, దానికో ముసుగు, దానికో లాటిన్ పాట.

"రొవీనా ప్రూయిట్, వెలుగు మోస్తావా?" అంది ముసుగు. గొంతు ప్రెస్టన్ హేడ్లీది. ఆ ఏడు సంఘానికి పెద్ద అతనే.

రొవీనా కదల్లేదు. ఆమె బుర్రలో ఒకటే మెదిలింది: శనివారం. శనివారం ట్రస్టీల మీటింగు. మెస్సులన్నిటినీ బయటి కంపెనీకి అప్పజెప్పే సంగతి ఆ రోజే తేలుతుంది. కంపెనీ వస్తే వంటవాళ్లు అందరూ ఇంటికే. ట్రస్టీల ముందు వంటవాళ్లు నోరెత్తడానికి వీల్లేదు, రూలు ఒప్పుకోదు. విద్యార్థులు ఎన్నుకున్న ప్రతినిధి ఒక్కరే మాట్లాడచ్చు. ఆ ప్రతినిధి రొవీనా. చదువుకోడానికి డబ్బు లేక ఇదే మెస్సులో వడ్డిస్తూ, హాస్టల్లో గది గదికీ తిరిగి ఓట్లడుక్కుని మరీ గెలిచింది. దేనికి? ఆ శనివారం నాలుగు మాటలు అనడానికి. ఇక లాంతర్ల ఆచారమేమో, చరుపు తిన్నవాళ్లు ఆదివారం మధ్యాహ్నం గంట కొట్టేదాకా నోరు విప్పకూడదు. ఒక్క మాటంటే ఒక్క మాట.

"చూడండే, మన పిల్లకి పడిందే!" గిన్నెలు తోమే బర్నీస్ లోపల్నుంచి కేక పెట్టింది. "మన రొవీనాకి! ఒసే, అందరూ రండే!"

వంటింట్లోంచి ఆడవాళ్లు తోసుకుంటూ వచ్చారు. గరిటెలతో బల్ల మీద మోత మొదలెట్టారు. ఈ మెస్సు పుట్టింది మొదలు లాంతర్లకి వండి పెట్టడమే గానీ, వడ్డించే వరసలో నుంచున్న పిల్ల భుజం మీద వాళ్ల చెయ్యి పడ్డం ఎవరూ ఎరగరు. పెద్ద వంటమనిషి లుయెల్లా గ్యాడీ అందరికంటే వెనక వచ్చింది. పిండి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ, కళ్లు కూడా దాంతోనే తుడుచుకుంటూ.

"ఆ ట్రే ఇటు తే," అంది.

రొవీనా ట్రే గట్టిగా పట్టుకుంది. తల అడ్డంగా ఊపింది. శనివారం అని కళ్లతో చెప్పింది.

"తే అంటుంటే!" లుయెల్లా ట్రే లాగేసుకుంది. "నడువు తల్లీ. నువ్వు నడిస్తే నేను చూడాలి. నడువు."

చేతులు ఖాళీ. వెనక గరిటెల మోత. రొవీనా నడిచింది. ఇక్కడ అబద్ధం చెప్పి లాభం లేదు. లుయెల్లా కోసమే నడిచానని తర్వాత తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా, నడుస్తున్నప్పుడు గుండెలో ఒక తియ్యటి పోటు ఉంది. బొగ్గు గని మూతపడి ఊరే ఖాళీ అయిపోయిన లోయలోంచి వచ్చిన పిల్ల. ఆమె ఇంటిపేరును అంత మంది ముందు అంత గౌరవంగా పిలవడం అదే మొదలు. వాళ్లకి ఆ సంగతి తెలుసు. తెలిసే పిలిచారు.

*

శుక్రవారం పొద్దున్నే సామాన్ల గదిలో లుయెల్లా పిండి కొలుస్తోంది. రొవీనా లోపలికొచ్చి తలుపు మూసింది.

"లుయెల్లమ్మా, రేపు నేను..."

లుయెల్లా చటుక్కున తిరిగి పిండి బస్తాలకేసి నిలబడింది. రొవీనాకి ఇక వీపే కనిపిస్తోంది, వెడల్పాటి వీపు, ఏప్రన్ ముడి.

ఈ ఊళ్లో అది మర్యాద. మౌనంలో ఉన్న పిల్ల నోరు జారితే ఎదురుగా ఉన్నవాళ్లు సాక్షులు. సాక్షి ఉంటే ఎంపిక పోతుంది. అందుకని పిల్ల నోరు తెరవగానే చుట్టూ ఉన్నవాళ్లు వీపు తిప్పేస్తారు. చూసినవాడు లేడు గనక మాట లేదు, తప్పూ లేదు. అంగడివాళ్లు చేస్తారు, పాఠాలు చెప్పేవాళ్లు చేస్తారు, బస్సు తోలేవాళ్లు కూడా చేస్తారు. పాతికేళ్ల కిందట ఒక లాంతరు పిల్లవాడు కాలి మీద వేడి సూపు పోసుకుని బూతులు తిడుతుంటే మెస్సు మెస్సంతా గోడకేసి తిరిగిందని ఇప్పటికీ నవ్వుకుంటారు. వాడు తర్వాత సెనేటర్ అయ్యాడు.

"ఇటు తిరుగమ్మా. నీతో మాట్లాడాలి."

"ఈ పిండికి పురుగు పట్టిందేమో చూడాలి," అంది లుయెల్లా బస్తాతో. "ఇక్కడెవరూ లేరు. నేనొక్కదాన్నే ఉన్నా. నాతో నేనే మాట్లాడుకుంటున్నా."

"రేపు మీటింగులో మాట్లాడతాను. లాంతరు పోతే పోనీ."

"పిచ్చి పిల్లలుంటారు కొందరు," అని చెప్పింది బస్తాకి. "నోటి దాకా వచ్చిన ముద్దని నేలకేసి కొట్టే రకం. అలాంటిది నా కళ్లబడితే చెంప పగలగొడతా."

"మీ అందరి ఉద్యోగాలు పోతాయి."

"పోయినట్టే. ఆ కంపెనీవాళ్లు పోయిన వారమే వచ్చి పొయ్యిలు కొలుచుకుపోయారు. కొనేవాడే కొలుస్తాడు గానీ ఊరికే చూసిపోయేవాడు టేపు తెచ్చుకుంటాడా? ఈ మీటింగంతా సమాధి ముందు ప్రార్థనలు. మనిషి ఎప్పుడో పోయాడు." లుయెల్లా చెయ్యి పిండిలోకి పోయి ఆగింది. "పోయేది ఎలాగూ పోతోంది. ఒక్కటైనా మిగలద్దా? మా ఇన్ని చేతుల కష్టంలోంచి ఒక్క పిల్లన్నా ఆ గుమ్మం లోపలికి పోవద్దా?"

"ఆ గుమ్మం లోపలికి పోయి ఏం చేస్తాను?"

"లోపల కూర్చుంటావు. చాలదా?"

రొవీనా ఆమె భుజం పట్టుకుని తిప్పబోయింది. లుయెల్లా ఆ వయసులోనూ కదలని రాయి. అలాగే నిలబడి, బస్తాలకేసి చూస్తూ, వెనక్కి చెయ్యి చాపి పిల్ల చేతిని తడుముకుని పట్టుకుంది. గట్టిగా నొక్కింది. మొహం మాత్రం తిప్పలేదు.

వాళ్లు మనల్ని గెలిచేది ఇక్కడే. లాఠీలు అక్కర్లేదు, పోలీసులు అక్కర్లేదు. మనలో ఒకరికి ఒక కుర్చీ చూపిస్తే చాలు. మిగతా అందరం ఆ కుర్చీ చుట్టూ కాపలా నిలబడతాం.

*

శనివారం మీటింగు హాల్లో ట్రస్టీలవి తోలు కుర్చీలు, చుట్టూ తిరిగేవి. వెనక వరసల్లో వంటవాళ్లు, ఉతికిన ఏప్రన్లతో. ఏప్రన్లతోనే రావాలని బర్నీస్ పట్టుబట్టింది. "మనం ఎవరమో వాళ్లకి తెలియాలిగా. కోటేసుకు పోతే చర్చికొచ్చామనుకుంటారు," అంది. గోడ పొడుగునా విద్యార్థులు. రొవీనాకి ఓటేసిన వాళ్లు, ఆమెతో పాటు నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని తిరిగిన వాళ్లు. అందరి మొహాల్లోనూ ఆమెను చూస్తే ఒక వెలుగు. దారిలో ఎదురుపడ్డవాళ్లు నవ్వి, పెదవుల మీద వేలు పెట్టుకుని పక్కకి తప్పుకున్నారు. మహారాణికి దారిచ్చినట్టు.

కంపెనీ తరఫు మనిషి వచ్చి రంగు బొమ్మలు చూపించాడు. వంట వేరే రాష్ట్రంలో చేస్తారట. గడ్డకట్టించి సంచుల్లో పంపుతారట. ఇక్కడ కత్తెర పెట్టి కోసి వేడి చేసేవాళ్లుంటే చాలట. రుచి ఎక్కడ తిన్నా ఒకేలా ఉంటుందని చెప్పాడు, అదేదో వరం అన్నట్టు. చెప్పి బయటికి వెళ్లిపోయాడు.

బోర్డు చైర్మన్ ముసలాయన కళ్లజోడు సర్దుకున్నాడు. కోటు మడత మీద చిన్న వెండి లాంతరు. "విద్యార్థి ప్రతినిధి ఏమైనా చెబుతారా?" అన్నాడు. వెంటనే తనే నవ్వాడు. "ఓ, క్షమించాలి. మిస్ ప్రూయిట్ మౌనంలో ఉన్నారు గదూ. మా అందరి అభినందనలు."

చప్పట్లు కొట్టారు.

"నేను మాట్లాడతాను," అంది రొవీనా, లేచి నిలబడి.

తోలు కుర్చీలు ఒకదాని వెనక ఒకటి మెల్లగా తిరిగాయి. చైర్మన్ది ముందు, ప్రెసిడెంటుది తర్వాత, తక్కినవన్నీ ఆ వెంటనే. విసుగు లేదు, కోపం లేదు. చిన్నపిల్ల బట్టలు మార్చుకుంటుంటే పెద్దవాళ్లు మొహం తిప్పుకున్నంత మర్యాదగా తిరిగాయి. ఆమె ఎదురుగా ఇప్పుడు కుర్చీల వీపులే.

"మీరు మీ మర్యాద మీ దగ్గరే పెట్టుకోండి," అంది. "నాకీ లాంతరు వద్దు. మాట్లాడటానికి నన్ను ఎన్నుకున్నారు, మాట్లాడతాను. వెనక కూర్చున్న వీళ్లు మీ పిల్లలకి వండారు, మీకూ వండారు. చైర్మన్ గారూ, మీరు చదివేటప్పుడు మీకు వండినామె కూతురు ఇక్కడే కూర్చుంది..."

గోడ పొడుగునా విద్యార్థులు తిరిగారు. కొందరు నవ్వాపుకుంటూ, కొందరు నిజంగానే కంగారుగా. "రొవీనా, ఆపు, పోగొట్టుకుంటావు," అని ఎవరో గోడతో గుసగుసలాడారు. ఓట్ల కోసం ఆమెతో తిరిగిన పిల్ల కూడా నుదురు గోడకి ఆనించి నిలబడింది.

రొవీనా వెనక్కి తిరిగింది. ఇంకెవరున్నా లేకపోయినా వాళ్లున్నారు. వాళ్ల కోసమే గదా ఈ మాట.

లుయెల్లా అప్పటికే లేచి నిలబడింది. ఒక్కసారి పిల్ల మొహంకేసి చూసి, తల పక్కకి తిప్పి తన వాళ్లతో, "తిరగండి," అంది. మెల్లగానే అంది. "అందరూ తిరగండే. ఒక్కదాని మొహం కూడా ఇటు కనపడకూడదు."

"లుయెల్లా, అది మన గురించి..." బర్నీస్ అనబోయింది.

"తెలుసే. అందుకే. తిరుగు."

తిరిగారు. తెల్లటి ఏప్రన్ ముడుల వరస. ఒక్కొక్క ముడీ పొద్దున్నే ఒకరికొకరు కట్టుకున్నది.

రొవీనా ఆగలేదు. అది మాత్రం ఆమె చేసిన పనే, ఆమె నుంచి ఎవరూ తీసేయలేరు. కంఠతా పట్టిన ప్రసంగమంతా చెప్పింది. వంటిల్లు పోతే ఊళ్లో ఏ వీధులు ఖాళీ అవుతాయో చెప్పింది. ఎవరికి మందులు ఆగిపోతాయో, ఎవరి ఇల్లు పోతుందో పేర్లతో సహా చెప్పింది. పేరు వినపడ్డప్పుడల్లా వెనక వరసలో ఏదో ఒక వీపు అదిరింది. తిరగలేదు. ఆమె గొంతు బొంగురుపోయింది. ఆ హాల్లో ఆమె మొహం ఎవరికీ కనపడలేదు.

ఆమె చెప్పడం అయిపోయింది. కుర్చీ వీపు వెనకనుంచి చైర్మన్ గొంతు వచ్చింది: "ప్రతినిధి వైపునుంచి ఏమీ లేనట్టుంది. మరి ఓటుకి పోదామా? ఒప్పుకునేవాళ్లు?"

కుర్చీల వీపుల మీదుగా చేతులు లేచాయి. అన్నీ లేచాయి. అప్పుడు గానీ కుర్చీలు మళ్లీ ఇటు తిరగలేదు.

*

ప్రెస్టన్ హేడ్లీ బయట వరండాలో మెట్ల దగ్గర దొరికాడు.

"నేను మాట్లాడాను," అంది రొవీనా. "అందరి ముందూ. మీ రూలు ప్రకారం నన్ను తీసెయ్యి."

అతను మర్యాదగా చెట్లకేసి తిరిగాడు. తెల్ల పూల చెట్లు, ఏప్రిల్ పూత. "నాకేం వినపడలేదు, రొవీనా."

"వినపడిందని నీకూ తెలుసు."

"సాక్షి ఎవరు? ఒక్క మనిషిని తీసుకురా. నీ మొహం చూశాను, మాట విన్నాను అనేవాళ్లని. తెస్తే సంఘం ఈ సాయంత్రమే నీ పేరు కొట్టేస్తుంది. రూలు రూలే." అతని గొంతులో వెటకారం లేదు. ఉంటే ఆమెకి కాస్త సుఖంగా ఉండేది. "నిజం చెప్పనా? నిన్ను ఎంచింది మేమే అయినా నాకు కొంచెం అనుమానం ఉండేది, నువ్వు ఇమడవేమోనని. ఇవాళ ఇంత మంది నీ కోసం తిరగడం చూశాక పోయింది. ఇంత ప్రేమ ఎవరికీ దక్కలేదు."

"శనివారం మీటింగుందని తెలిసే గురువారం చరిచారు గదా?"

అతను ఆ చెట్లనే చూస్తూ నిలబడ్డాడు. "ఆ గురువారం ఆచారం మా తాతల నాటిది," అన్నాడు. "మీటింగు ఏ రోజని ట్రస్టీలు పెట్టుకుంటారో మాకేం తెలుస్తుంది?"

ట్రస్టీల్లో సగం మంది లాంతర్లే. ఆమె ఇంక మాట్లాడకుండా వంటింటికి పరిగెత్తింది.

వంటింట్లో ఆదివారం విందుకి పని మొదలైంది. కొత్త లాంతర్లకి గంట కొట్టాక పెట్టే విందు. ఉద్యోగాలు పోయిన గంటకే ఆడవాళ్లు ఉల్లిపాయలు తరుగుతున్నారు. రొవీనా లోపలికి రాగానే అందరూ తలోవైపు తిరిగారు.

"ఒక్కళ్లు రండి," అంది. "ఒక్కళ్లు చాలు. విన్నామని చెప్పండి. నేనది వదులుకుని బయట మీతో నిలబడతాను. గేటు ముందు కూర్చుందాం. పేపర్లవాళ్లు వస్తారు. లాంతరు వదులుకున్న పిల్లంటే వస్తారు. లోపలికి పోయాక నా మాటకి విలువేముంది? లుయెల్లమ్మా, నిన్నే."

లుయెల్లా ఓవెన్ తలుపు తెరిచి అందులోకి వంగింది. ఆ వేడిలోకే మాట్లాడింది.

"నలభై ఏళ్లు పిల్లలకి పెట్టాను. చదువైపోయి పోయాక ఒక్కడు తిరిగొచ్చి పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. మా పిల్ల లోపలుంది అని చెప్పుకోవడానికి నాకు ఇదొక్కటే ఉంది. దాన్ని తీసుకుపోయి వాళ్లకి తిరిగిచ్చి రమ్మంటే నేను రాను. చంపినా రాను."

"నేను మీ పిల్లనే గదా. మీ పిల్ల అడుగుతోంది."

"పిల్లలు అడిగినవన్నీ పెడతామా ఏం?" అంది లుయెల్లా.

బర్నీస్ భుజాలు కదిలాయి. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, ఆమె తల సగం ఇటు తిరిగింది. చెవి, చెంప, తడిసిన కంటి చివర కనపడ్డాయి. రొవీనా ఒక అడుగు ముందుకేసింది. బర్నీస్ మళ్లీ ఉల్లిపాయల మీదికి వంగింది.

"నాకు ఈ ఉల్లిపాయల ఘాటుకి ఏమీ కనపట్టం లేదే తల్లీ," అంది. "పో. రేపటికి నీ నల్ల అంగీ ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించా."

*

ఆదివారం వేడుకకి పోకుండా గదిలో తలుపేసుకుని కూర్చుంటే ఏమయ్యేది? అదీ ఆలోచించింది. సిగ్గుపడి దాక్కున్నవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోవడం కూడా అక్కడ ఒక ఆచారమే. పాటలు పాడుతూ మోసుకొస్తారు, అందరూ చప్పట్లు కొడతారు. కాదనడానికి వాళ్లు ఒక్క సందు కూడా మిగల్చలేదు. వేడుక అంటే అదే.

ఆదివారం మధ్యాహ్నం గంట మోగింది. పచ్చిక మీద జనమంతా ఆమెకేసి చూస్తున్నారు. ప్రతి మొహం. ప్రెసిడెంటు, చైర్మన్, ప్రెస్టన్, ఓట్లేసిన పిల్లలు. పక్కన పొడుగాటి బల్లల దగ్గర వంటవాళ్లు, చేతుల్లో కత్తులు, గరిటెలు. ఇప్పుడు ఏమన్నా అనచ్చు. కొత్త లాంతర్లు వరసగా తలో మాట అన్నారు. అమ్మకి థాంక్స్ అన్నాడొకడు, తాత కూడా లాంతరేనన్నాడు ఇంకొకడు. రొవీనా వంతు వచ్చింది.

నోరు తెరిచింది. అదే ప్రసంగం, అవే పేర్లు, నాలుక చివరే ఉన్నాయి. కానీ ఎవరితో అంటుంది? కాంట్రాక్టు మీద సంతకాలైపోయాయి. ఇప్పుడు అది తిరుగుబాటు కాదు. లాంతరు పిల్ల మొదటి మాట. వాళ్లు శ్రద్ధగా వింటారు, మెచ్చుకుంటారు, ఎంత మంచి మనసో అంటారు. బుగ్గలు కూడా తడుపుకుంటారు.

"అనవే తల్లీ," లుయెల్లా బల్ల దగ్గర్నుంచి పిలిచింది. మొహమంతా నవ్వు. "ఇక పరవాలేదే. అందరం వింటున్నాం."

రొవీనా నోరు మూసుకుంది. మళ్లీ తెరవలేదు. గాలికి అంగీ కొట్టుకుంది. జనం కాళ్లు మార్చారు, దగ్గారు, ఒకరినొకరు చూసుకున్నారు.

"అలవాటైపోయినట్టుంది," అన్నాడు ప్రెస్టన్, నవ్వుతూ. అందరూ నవ్వారు. హాయిగా నవ్వారు, చప్పట్లు కొట్టారు, బల్లలకేసి కదిలారు.

లుయెల్లా ఒక్క క్షణం ఆమెకేసి అలాగే చూసింది. ఏదో అర్థమైనట్టు నవ్వు కొంచెం తగ్గింది. కానీ చైర్మన్ ప్లేటు చాపుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఆమె కత్తి తీసుకుని హ్యామ్ మాంసం కోయడం మొదలెట్టింది, పలచగా, ఆయనకి ఇష్టమైనట్టు.